రూటరుకు తలో చెయ్యి

"పింగ్ పోవట్లేదత్తయ్యా!" అని గదిలోంచి కోడలు కేకేస్తే, "రింగ్ పోయిందా!" అంటూ అత్తగారు మంచం కింద దూరింది.

"పోయింది ఉంగరం కాదు, నెట్టు!"

కాసేపట్లో కోడలికి ల్యాప్‌టాప్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. ఆ నెట్టేమో ఎంత నెట్టినా కదలదు. అయినా ఆమె బెదరలేదు. ఆదేశాలు టైపు చేసే లినక్స్ నల్లతెర తెరిచి, బయటి నెట్టు సంగతి తర్వాత అనుకుని, ముందు హాల్లోని రూటరునే పింగ్ పంపి పలకరించింది. అది పలికింది, అంతలోనే మూగబోయింది. మళ్లీ పలికింది, మళ్లీ మూగబోయింది.

'లైను తప్పు కాదు, రూటరుకే కరెంటు పోతోంది' అనుకుంటూ హాల్లోకి వెళ్లింది. అక్కడ మామగారు స్విచ్చి ఆపుతున్నారు.

"ఆపి మళ్లీ వేస్తే బాగవుతుందటగా, తల్లీ!"

"అందుకే నేనూ ప్లగ్గు పీకి పెట్టాను," అన్నాడు భర్త.

"నేనూ ఒక నొక్కు నొక్కాను," అంది అత్తగారు.

కోడలు స్విచ్చి వేసి, రూటరు మీది దీపాలన్నీ పచ్చబడేదాకా దానికి అడ్డంగా నిలబడింది.

"చూశారా? పొద్దున అదొక్క తుమ్ము తుమ్మింది. మందు మంచిదే, కానీ ముగ్గురూ తలో మోతాదు వేశారు. అది లేచి కూర్చునేలోపే ఇంకొకరు పడుకోబెట్టేస్తున్నారు!" అని చెప్పి, ఇంటర్వ్యూకి వెళ్లి తలుపేసుకుంది.