గౌరవ్వ ఎందుకు వెళ్ళింది

"హాల్లో భోజనం నాకు పడదు. నాలుగు జొన్నరొట్టెలు తట్టి బయల్దేరు," అన్నాడు విరూపాక్షప్ప భార్యతో. ఆ రోజు సన్మానం ఆమెకే. ధారవాడ కాలేజీలో కన్నడ పాఠాలు చెప్పి, ఆరు నవలలు రాసి, రిటైరైన నీలాంబిక పిండి చేతులతోనే తలూపింది. ఎందుకు ఊపానా అని, పెనం మీద రొట్టె తిప్పుతూ తన మీద తనే కోపం తెచ్చుకుంది. మొదటి నవల అచ్చయిన రోజు అత్తగారు, "పుస్తకం ఉడకేస్తే కూరవుతుందా?" అంటే ఈయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

సభలో కాలేజీ కన్నడ శాఖలో ఆమె పాత హెడ్డు ఇనామదార్ మైకు పట్టుకున్నాడు.

"ఈవిడ నవలల్లో ఒకటే లోపం. మూడోదాంట్లో గౌరవ్వ ఉత్తపుణ్యానికి ఇల్లొదిలి పోతుంది. మొగుడు కొట్టడు, తిట్టడు. అసహజం! పాపం, మచ్చలేని సంసారం చేసిన ఇల్లాలికి అలాంటి ఆడవాళ్ళ సంగతి ఏం తెలుస్తుంది!"

హాలంతా నవ్వింది. ముందు వరుసలో విరూపాక్షప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఏళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం నీలాంబికకి కళ్ళకు కట్టినట్టుంది. స్నేహితులొచ్చారని ఆయన టీ పెట్టమన్నాడు. తెచ్చేసరికి బల్ల మీద ఆమె రాసుకుంటున్న కాగితాలున్నాయి. "వాటి మీదే పెట్టెయ్, బల్ల పాడవకుండా ఉంటుంది," అన్నాడు. పెట్టింది. వాళ్ళు తాగాక కప్పులు కడిగి బోర్లించి, గదగ్ బస్సెక్కి స్నేహితురాలింటికి వెళ్ళిపోయింది. పుట్టింటికి పంపానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

శాలువా కప్పించుకుని నీలాంబిక మైకు ముందుకొచ్చింది.

"గౌరవ్వని నేను కల్పించలేదు సార్. ఇల్లొదిలి వెళ్ళింది నేనే. నా రాత మీద నా చేతే టీకప్పులు పెట్టించడం కారణం కాదని మీకనిపిస్తే, అది నా నవలలో లోపం కాదు."

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక విద్యార్థిని లేచింది. "మరి ఎందుకు తిరిగొచ్చారు మేడమ్?"

నీలాంబిక ఆ అమ్మాయి వైపు తిరిగింది. "మా అమ్మాయికి జ్వరమని కబురొచ్చింది. గౌరవ్వ తిరిగి రాలేదు, నేనొచ్చాను. వచ్చినదాని కథ ఇంకా రాయలేదమ్మా. రేపు మొదలుపెడతాను."

ఆటో ఎక్కగానే విరూపాక్షప్ప అందుకున్నాడు.

"నలుగురిలో నా పరువు తీశావు. ఆ పుస్తకంలో నన్నూ పెడతావా ఏంటి?"

"పెడతాను," అంది నీలాంబిక. "ఈసారి పేరు మార్చను."