టలోవాలో మోగని మూడు దెబ్బలు

నేను ఒక సుత్తిని. నవ్వకండి. శాసనసభలో నేను కొట్టే సుత్తి తక్కువ, సభ్యులు కొట్టేదే ఎక్కువ. మీ అమెరికా పటాల్లో కనిపించని టలోవా రాష్ట్రంలో, సభాధ్యక్షుడు బల్ల మీద కొట్టడానికి వాల్‌నట్ కర్రతో నన్ను చెక్కారు.

మీ చరిత్రలో రాష్ట్రాలు తుపాకులు పట్టుకుని విడిపోబోయాయి. మా చరిత్రలో ఆ దారి రాజ్యాంగంలోనే ఉంది. పదేళ్లకు ఒక్క రోజు, పొద్దు గుంకేలోగా తీర్మానం చేసి సమాఖ్య నుంచి వెళ్లిపోవచ్చు. రాజ్యాంగం కదా, ఏ అంగాన్ని ఎప్పుడు కోసుకోవచ్చో కూడా రాసుకున్నారు.

ఆ రోజు రానే వచ్చింది. సభాధ్యక్షుడు లెమ్యుయెల్ ప్రాక్టర్‌కు మహా తొందర. వచ్చే నెల నుంచి సమాఖ్య అంతటా బానిసలకు విడుదల. ఈలోగా విడిపోతే ఆ చట్టం టలోవా గడప తొక్కదు. ఆయన ఇంటి బానిస హెస్టర్‌కు ఇదంతా తెలుసు. టలోవా విడిపోగానే ఆమె కూతురు రూత్‌ను అమ్మడానికి ప్రాక్టర్ బేరం కుదుర్చుకున్నాడనీ తెలుసు.

అంతకుముందు ఓసారి సభలో విడిపోదామనే వర్గమూ, వద్దనే వర్గమూ చెరో సుత్తి తెచ్చుకుని ఒకే గదిలో చెరో సభ నడిపాయి. ఆ గోల మళ్లీ రాకూడదని, నాతో మూడు దెబ్బలు పడితే తప్ప ఏ తీర్మానమూ చెల్లదని ప్రాక్టరే నిబంధన రాయించాడు. నన్ను ఇంట్లో దాచి, సభ రోజున హెస్టర్ చేత మోయించేవాడు. సుత్తి మోయడం ఆయన హోదాకు తక్కువట. వేయడం మాత్రం కాదు.

తీర్మానం ఓటుతో నెగ్గింది. ఎండ కిటికీ అంచుకు దిగింది. ప్రాక్టర్ చెయ్యి చాపాడు. బల్ల ఖాళీ.

నేను సభలోనే, చలి కాచుకునే పొయ్యి పక్కన కట్టెల పెట్టెలో, హెస్టర్ పేర్చిన కట్టెల కింద ఉన్నాను.

బూటుతో కొట్టేద్దామని ఒకరు, పిస్తోలు పిడితో కానిద్దామని ఇంకొకరు. ఎదుటి వర్గం వారు తాపీగా నిబంధన చదివి వినిపించారు. ప్రాక్టర్ మొహం కందగడ్డయింది. హెస్టర్‌ను పిలిపించి, ఒళ్లంతా సోదా చేయించాడు.

"సుత్తి ఏదే?"

"బల్ల మీదే పెట్టానయ్యగారూ. ఇంతమంది పెద్దలున్న చోట అదెక్కడికి పోతుంది?"

చలికి వణుకుతున్న గుమాస్తా పెట్టెలోంచి ఒక కట్టె తీసి పొయ్యిలో వేశాడు. తర్వాత ఇంకొకటి. నా మీద బరువు తగ్గుతూ వచ్చింది. నేను కాలిపోతే హెస్టర్‌కు మేలే. దొరికితే ఆమెకు ఉరి. నా మేలు సంగతి ఎవరూ అడగలేదు. గుమాస్తా వేళ్లు నా పిడికి తగిలాయి.

"మీకెందుకండీ ఈ మసి? నేనేస్తాను" అంటూ హెస్టర్ వంగింది. ఒక కట్టె పొయ్యిలోకి వెళ్లింది, నేను ఆమె ఏప్రాన్ మడతలోకి వెళ్లాను. ఆమె గుండె మూడు దెబ్బలతో ఆగలేదు.

కిటికీ నల్లబడింది. గడువు దాటింది, తీర్మానం చెల్లలేదు. ఎదుటి వర్గం నాయకుడు టోపీ పెట్టుకుని లేచాడు.

మరుసటి నెల విడుదల చట్టం వచ్చాక ఊరి చివర హెస్టర్, రూత్ ఒక గది వేసుకున్నారు. తలుపుకు లోపలి గడియ బిగించాలి. ఇనుప సుత్తి లేదు. హెస్టర్ నన్ను బయటికి తీసింది. ఒకటి, రెండు, మూడు. మేకు దిగింది. దాని తల నొక్కిన గుంట నా మొహం మీద ఇప్పటికీ ఉంది.

రూత్ గడియ వేసింది. తీసింది. మళ్లీ వేసింది.