బ్రౌన్ నాయిస్ అడుగున మగ్గం

కల్లూరులో ఆ అద్దె ఇంటి పక్కనే వెల్డింగు షాపు. పగలంతా ఇనుము కోసే రొద. ఐదు నెలల పిల్ల కన్ను మూసిందనుకునేలోపే ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చేది. ఇక లాభం లేదని కోడలు స్వర్ణలత ఫోన్లో పిల్లల్ని నిద్రపుచ్చే చప్పుళ్ల యాప్ ఏదో ఎక్కించింది. అందులో వైట్ నాయిస్ అట, పింక్ అట, బ్రౌన్ అట.

"చప్పుడుకు రంగులేందే? అద్దకం ఏమన్నా ఏసినారా?" అని చౌడమ్మ పకపకా నవ్వింది.

వైట్ కుక్కరు ఆవిరిలా బుస్సుమంది. పింక్ రేకుల మీద వానలా ఉంది. బ్రౌన్ మాత్రం ఎక్కడో లోతు నుంచి గుమ్మని వచ్చింది. పిల్ల దానికే నిద్రపోయింది. చౌడమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ హోరు అడుగున మగ్గం ఆడుతోంది. అదీ ఎవరిదో మగ్గం కాదు. రెండు దెబ్బలు గట్టిగా, మూడోది కాస్త ఆలస్యంగా. మోకాలి నొప్పితో ఆమె మొగుడు పుల్లన్న తొక్కే తొక్కుడే అది.

ఆయన పోయి రెండేళ్లు. ఎమ్మిగనూరులో ఆ రోజు ఆమె వసారాలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. లోపల మగ్గం ఆగింది. పోగు తెగింటాది, ముడేసుకుంటాండాడులే అనుకుంది. నలభై ఏళ్లుగా అలాగే అనుకుంది మరి! ఆరు కండెలు చుట్టాక గాని లేవలేదు. వెళ్లి చూస్తే పుల్లన్న పడుగు మీద తల వాల్చేసి ఉన్నాడు, ఒళ్లు అప్పటికే చల్లబడింది. ఆ ఆరు కండెలూ ఇప్పటికీ ఆమెను ముద్ద మింగనివ్వవు.

"మగ్గం వినపడ్లేదా నీకు?" అని కోడలిని అడిగింది.

"మగ్గం యాడుండాది అత్తా? అది ఉత్త హోరు. నీకు మామ బెంగ శానా పట్టుకుండాది."

ఇక రోజూ మధ్యాహ్నం అదే తంతు. పిల్లను ఉయ్యాలలో వేస్తారు, ఫోను పెడతారు, పుల్లన్న నేస్తాడు. ఆ ఉయ్యాల కూడా ఆయన బట్టే. చివరిసారి మగ్గం మీద సగంలో ఆగిన చీరను కోసి దాచి, మనవరాలు పుట్టాక చౌడమ్మే కొక్కేనికి కట్టింది.

ఒక మంగళవారం ఆమె గడపలో కూర్చుని అలసందలు ఒలుస్తోంది. మగ్గం ఆగింది.

పోగు తెగింటాది అనుకుంది. అనుకున్న మరుక్షణం దిగ్గున లేచింది. చేట విసిరికొట్టి లోపలికి పరుగెత్తింది. కొక్కెం దగ్గర చీర చిరుగుతోంది, పిల్ల తలకిందులుగా జారుతోంది. చేతులు చాచేసరికి బట్ట పర్రున చినిగి, పిల్ల ఆమె చేతుల్లో పడింది. కన్ను కూడా తెరవలేదు, నా తల్లి!

స్వర్ణలత వంటింట్లోంచి ఉరికొచ్చి, చినిగిన చీరను చూసి పిల్ల ఒళ్లంతా తడిమింది.

"ఎట్ల తెల్సె అత్తా నీకు?"

"చప్పుడు ఆగిపాయ గదే."

స్వర్ణలత ఫోను వైపు చూసింది. అది గుమ్మని మోగుతూనే ఉంది.

చౌడమ్మ పిల్లను గుండెకు అదుముకుని, ఎవరూ లేని మూల వైపు తిరిగి బావురుమంది.

"ఈతూరి లేసొచ్చినా గదయ్యా! ఈతూరి కండెలు చుట్టుకుంటా కూచోలేదు."