కత్తి కింద సలహాలు

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషిని నేనే. ఈ సంగతి చెప్పి చెప్పి వీధిలో అందరి ప్రాణాలూ తోడేశాను. ఏం చదువుతావని ఎవరైనా అడిగితే మాత్రం ఆకాశంకేసి చూసి, "ఆలోచిస్తున్నా" అనేదాన్ని. ఆలోచనా లేదు, పాడూ లేదు. ఏ చదువులో ఏముంటుందో తెలిస్తే కదా! దరఖాస్తుకు గడువు దగ్గరపడింది. ఒకసారి రాసిచ్చాక మార్చుకోవడం కుదరదట. అన్నం సయించడం లేదు గానీ, బింకం మాత్రం చెక్కుచెదరలేదు.

మా నాన్నది రెండు కుర్చీల సెలూన్. ఇంట్లో తెలిసినవాళ్ళు లేరు కాబట్టి షాపుకొచ్చేవాళ్ళనే అడుగుదామన్నాడు. నేను మూల బల్ల మీద మహారాణిలా కూర్చునేదాన్ని. నాన్న వచ్చినాయన బుగ్గలకు నురగ పూసి, గడ్డం పైకెత్తి, కత్తి ఆనించి అడిగేవాడు.

"మా అమ్మాయిని లా చదివిద్దామనుకుంటున్నానండీ. ఏమంటారు?"

"ఊఁ."

"వాదనలో దీన్ని మించినవాళ్ళు లేరు లెండి. మంచిదే కదా?"

"ఊఁ ఊఁ."

టైర్ల కొట్టు ఆయన ఊఁ అన్నాడు. బ్యాంకు మేనేజరు ఊఁ అన్నాడు. పొద్దస్తమానం తన వృత్తిని తిట్టుకునే ప్లీడరు గారు కూడా ఊఁ అన్నారు. ఊరంతా నా విషయంలో ఒక్క మాట మీద ఉందని ఒళ్ళు పులకరించింది. లెక్కల్లో క్లాసు ఫస్టునని చెప్పుకు తిరిగే నాకు, అంతమందిలో ఒక్కరూ కాదనకపోవడం వింతగా తోచనే లేదు. పైగా అద్దం ముందు నిలబడి, లేని నల్లకోటు సర్దుకుని మరీ చూసుకున్నాను. నవ్వండి, నేనేమీ అనుకోను.

గడువు ఇంకో రెండు రోజులుందనగా గుండు మాస్టారు వచ్చారు. తల మీద వెంట్రుక లేకపోయినా గడ్డం కోసం వారం వారం వచ్చే కాలేజీ మాస్టారు ఆయన. ఆయనా ఊఁ అన్నారు. మొహం తుడుచుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దాటాక వెనక్కి తిరిగారు.

"ఏమయ్యా, పీక మీద కత్తి పెట్టి అడిగితే కాదనే మగాడెవడు? ఇప్పుడడుగు, చెబుతా."

నాన్న తెల్లబోయాడు. "అయ్యో, చెప్పండి మాస్టారూ."

"అసలు అమ్మాయికేం ఇష్టమో అడిగావా?"

ఇద్దరూ నావైపు చూశారు. ఇంత నోరూ పెట్టుకుని, "నాకూ తెలీదు నాన్నా" అని బావురుమన్నాను. తిడతాడనుకున్నాను. కత్తి పక్కన పెట్టి, వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"నాకు మాత్రం తెలుసా తల్లీ? తెలీని దాంట్లో నిన్ను తోసేస్తానేమోనని కంటిమీద కునుకు లేదు. అందుకే కనబడినవాణ్ణల్లా పట్టుకుని అడుగుతున్నా."

భయమంతా నా ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎంత మొద్దునో చూడండి.

"రేపు కాలేజీకి రామ్మా. వెనక బెంచీలో కూర్చుంటే ఎవరూ అడగరు. నాలుగు క్లాసులు విని చూడు" అని మాస్టారు వెళ్ళిపోయారు.

మర్నాడు నాన్న షాపు మూసి నాతో వచ్చాడు. "లోపలికి నేనెందుకులే" అంటూ గేటు దగ్గరే ఆగిపోయాడు. వాదించడానికే పుట్టానన్న నేను లా క్లాసులో పది నిమిషాలకే తూగాను, పక్కమ్మాయి మోచేత్తో పొడిచి లేపింది. కామర్స్‌లో ఫ్యాను రెక్కలకేసి చూస్తూ గడిపాను. సాహిత్యం అనుకుని దర్జాగా ఇంకో గదిలోకి నడిచాను. అది భూగర్భశాస్త్రం. మేడమ్ ఒక రాయిని చేతులు మార్పిస్తున్నారు. నా దగ్గరికొచ్చేసరికి చూస్తే, రాతిలో గవ్వ! "ఈ చోటంతా ఒకప్పుడు సముద్రమే" అన్నారావిడ. దొంగతనంగా వచ్చానన్న సంగతి మరిచి, "మరి ఆ నీళ్ళెటు పోయాయండీ?" అని గట్టిగా అరిచేశాను. అందరూ తిరిగి చూశారు. ఆవిడ నవ్వి, క్లాసయ్యాక రమ్మన్నారు. వెళ్ళాను. అక్కడి బీరువాలన్నీ తెరిపించి, ఆవిడ బుర్ర తినేశాను.

బయటికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. నాన్న గేటు పక్కన గోడకానుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. పరుగెత్తుకెళ్ళాను.

"నాన్నా, ఏమైనా తిన్నావా?"

"నువ్వొచ్చాక తిందామని."

ఏడుపొచ్చేసింది. "తప్పయిపోయింది నాన్నా. నువ్వున్నావన్న సంగతే మర్చిపోయాను."

నాన్న మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"నన్నే మర్చిపోయావా?"

"అవును."

"అయితే రేపు అదే రాసిచ్చెయ్" అంటూ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "అదేం చదువో దారిలో చెబుదువుగాని, పద."