వికారాబాదుకు రైలు కిరాయి

కిష్టప్పను అనంతగిరి గుట్ట మీది దవాఖానలో చేర్చిన నాటికి మొగులమ్మ చేతిలో ఒక్క పైసా లేదు. అంతకుముందూ ఎన్నడూ లేదు. నయా పైసలు కొత్తగా వచ్చిన సంవత్సరమది. తాండూరు దగ్గరి రాతిగనిలో మొగుడు బండలు చీలుస్తుంటే ఆమె నెత్తిన మోసి లారీకెత్తేది, స్టేషన్లో రైలు డబ్బాలకెత్తేది. అంగడి రోజున మేస్త్రి ఇద్దరి కూలీ కలిపి కిష్టప్ప చేతిలో పెట్టేవాడు. మొగుడున్న ఆడవాళ్లందరికీ అంతే. కిష్టప్ప తాగేవాడు కాదు. జొన్నలు, నూనె తానే తెచ్చేవాడు, ఆమె అడగకముందే గాజులు వేయించేవాడు. అందుకని తన కూలి ఎంతో కూడా మొగులమ్మకు సరిగా తెలియదు.

దగ్గులో నెత్తురు పడితే డాక్టరు క్షయ అన్నాడు. రైలెక్కేముందు కిష్టప్ప చెప్పిన మాట ఒక్కటే.

"నీ కూలి మా అన్న తీస్కుంటడు, ఇంట్ల జొన్నలు గిట్ల ఆయనే ఏస్తడు. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. పొద్దున అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా రొట్టెలు చేసేది. గనిలో అంతమంది సుత్తులు మోగుతుంటే కిష్టప్ప దెబ్బ ఏదో వెనుదిరగకుండానే చెప్పగలిగేది ఒకప్పుడు. ఇప్పుడు ఆ దెబ్బ లేదని తెలిసీ చెవులు వెతికేవి. తానెత్తిన బండలు రైల్లో వికారాబాదు మీదుగానే పోతాయి. రాళ్లకు ఎవరో కిరాయి కడతారు. ఆమెకు కట్టేవాళ్లు లేరు.

బావ బిచ్చయ్యను అడిగింది. "బావా, ఒక్కసారి పోయి జూసొస్త. కిరాయికి పైసలియ్యి."

"పోదువు గని, పంచమి పండుగ కానియ్యి."

పంచమి అయింది. బిచ్చయ్య చిన్న కొడుక్కి జ్వరమొచ్చింది. తర్వాత ఇంటి కప్పు కురిసింది. ఆయన చెడ్డవాడేం కాదు. అయిదుగురు పిల్లల ఇల్లు, వచ్చిన పైసలు వచ్చినట్టే పోయేవి. మూడోసారి అడిగితే విసుక్కున్నాడు. "నువ్వు పోయి ఏం జేస్తవ్? డాక్టర్లు జూస్తలేరా?"

గనిలో వజీరాబీ ఆమెకు జత. ఇద్దరూ ఒకరి నెత్తికొకరు బండనెత్తుకునేవాళ్లు. వజీరాబీ మొగుడు పోయి చాలా ఏళ్లయింది, ఆమె కూలి ఆమె చేతికే వస్తుంది.

"మోసేది నీ నెత్తి. నడుమ గాయన చెయ్యెందుకు? మేస్త్రిని అడుగు" అంది వజీరాబీ.

"అందరు ఏమంటరో అక్కా."

"అంటరు. అని ఊకుంటరు. చూడాలని ఉన్నదా లేదా?"

మొగులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

అంగడి రోజు స్టేషన్లో బండలెత్తడం సగంలో ఉండగా మేస్త్రి కూలి పంచుతున్నాడు. బిచ్చయ్య చెయ్యి చాచాడు. మొగులమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"మేస్త్రీ, నా కూలి నా చేతికే ఇయ్యున్రి."

మేస్త్రి నవ్వాడు. "మీ ఇంటి పంచాది ఇంట్ల జూస్కోన్రి. నడువు, డబ్బా నిండాలె."

మొగులమ్మ పోలేదు. బండల వరుస మీద కూర్చుంది. వజీరాబీ వచ్చి పక్కన కూర్చుంది. వాళ్లను చూసి ఇంకో నలుగురు నెత్తి మీది బట్టచుట్టలు తీసి కింద పెట్టారు. డబ్బాను తీసుకుపోయే ఇంజను అప్పటికే కూత పెడుతోంది. మేస్త్రి అటు చూశాడు, ఇటు చూశాడు, ఆమె కూలి ఆమె చేతిలో పోశాడు.

బిచ్చయ్య ముఖం చిన్నబోయింది. "నేను దొంగనా మొగులమ్మా?"

"కాదు బావా. నాకు ఆయనను చూడాలని ఉన్నది, గంతే."

మర్నాడే రైలెక్కింది. వికారాబాదులో దిగి, గుట్ట మీదికి నడిచింది. కిష్టప్ప దవాఖాన వరండాలో బెంచీ మీద ఉన్నాడు. దగ్గర కూర్చోనివ్వరు. ఆమె మెట్ల కింద నిలబడింది. మనిషి సగమయ్యాడు. చేతులు మెత్తబడ్డాయి, రాయి కొట్టిన చేతుల్లా లేవు.

"అన్న పంపిండా?"

"నేనే వచ్చిన. నా కూలి నేనే తీస్కున్న."

కిష్టప్ప ముఖం చెట్లకేసి తిప్పుకున్నాడు. "మొగడు సచ్చినోళ్లే గట్ల తీస్కునేది. నేను సచ్చిననా?"

"బతికున్నవని తీస్కున్న. నిన్ను చూడనీకె తీస్కున్న" అంది. చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉన్నాడు. చాచలేదు.

ఆ తర్వాత నెలకోసారి గుట్ట మీదికి పోయేది. మిగిలిన పైసలు ఇంట్లో ఉంటే ఎవరో ఒకరికి అవసరం పడేది. వజీరాబీ తోడురాగా తాండూరు పోస్టాఫీసుకు పోయి తన పేర ఖాతా తెరిచింది. గుమాస్తా మొగుడి పేరడిగాడు. సిగ్గుపడి చెప్పలేకపోతే వజీరాబీ చెప్పింది. వేలిముద్ర మాత్రం మొగులమ్మదే. గుట్ట మీది డాక్టరు, కిష్టప్ప మళ్లీ రాతి దుమ్ములో కాలు పెట్టొద్దన్నాడు. ఆయన వచ్చేనాటికి ఒక బర్రె కొనాలని ఆమె ఆశ.

రెండేళ్లకు నయమైంది. కాని కిష్టప్ప రాలేదు. దవాఖాన తోటలో నీళ్లు పోసే పని దొరికిందని, అక్కడే ఉంటానని కబురు చేశాడు. మొగులమ్మ పరుగున పోయింది.

"తాండూరుల నాకేమున్నది?" అన్నాడు కిష్టప్ప తల ఎత్తకుండా. "రాయి ముట్టొద్దాయె. నువ్వు తెస్తే కూసొని తినాల్నా?"

"ఇన్నొద్దులు నువ్వు తెస్తే నేను తినలేదా?"

"అది వేరు."

"ఏం వేరు? నేను గూడ మోసిన గద!" కోపంతో మొదలుపెట్టిన మాట ఏడుపులోకి జారింది. "నాకు నీ జీతం వద్దు, నీ పైసలొద్దు. నువ్వు గావాలె."

ఆయన బొక్కెన ఎత్తుకుని మొక్కల్లోకి పోయాడు. ఆమె సాయంత్రం బండికి తిరిగొచ్చింది.

నెలలు గడిచాయి. గుట్ట మీదికి పోయేవాళ్లకు దారిలో తినడానికేమీ దొరకదని, తానే ఎన్నోసార్లు ఆకలితో ఎక్కానని ఒకరోజు బండ మోస్తూ గుర్తొచ్చింది. అక్కడ రొట్టెలు చేసి అమ్ముతానని వజీరాబీకి చెబితే, "పో, నేను ఇంకో జత చూస్కుంట" అంది కాని బండ దించాక కూడా ముఖం ఇటు తిప్పలేదు.

పోస్టాఫీసులో బర్రెకని దాచిన పైసలు కొన్ని తీసింది. వికారాబాదులో గుట్ట దారి మొదట్లో ఒక అర్ర కిరాయికి పట్టి, ఆ గదిలోనే ఉంటూ వండి అమ్మడం మొదలుపెట్టింది. జొన్న రొట్టె, పప్పు, పచ్చి పులుసు. రోగులను చూడవచ్చేవాళ్లు ఆగి తినేవాళ్లు.

నాలుగో రోజో అయిదో రోజో కిష్టప్ప వచ్చాడు. దారికి అవతల చాలాసేపు నిలబడ్డాడు. ఆమె పిలవలేదు. పిలిస్తే పోతాడేమోనని భయం. చివరికి వచ్చి అందరితో పాటు కూర్చుని తిని, పైసలు పెట్టి గుట్టెక్కాడు. ఆమె ఆ పైసలు తీసుకుంది. వానాకాలమంతా రోజూ వచ్చి తిని పోయేవాడు. ఆయన వెళ్తుంటే గొడుగు మలుపు తిరిగేదాకా చూసి పొయ్యి దగ్గరికొచ్చేది.

దసరా ముందర ఒక పగలు కిష్టప్ప చంకలో పరుపుచుట్టతో వచ్చాడు. గడప బయటే నిలబడి, "లోపల జాగ ఉన్నదా?" అన్నాడు.

"చెప్పులు బయట విడువు. ఇప్పుడే అలికిన" అంది మొగులమ్మ.

అప్పటి నుంచి ఆయన జీతం ఆయనది, ఆమె ఖాతా ఆమెది. జొన్నలు మాత్రం ఇద్దరూ కలిసి తెచ్చేవాళ్లు. ఖాతాలో ఎంతుందని కిష్టప్ప ఎన్నడూ అడగలేదు. మొగులమ్మ మాత్రం, తోటపని ముగిసి ఆయన రావడం కాస్త ఆలస్యమైతే రొట్టె పెనం మీదే వదిలి దారిలోకి వచ్చేది. నడిచిపోతే అందేంత దూరమే. అయినా ఆ మలుపుకేసి చూస్తూ నిలబడేది.