ట్యాంకు మీద ఊరిపేరు

చెంచురామయ్య నీళ్ల ట్యాంకు మీద 'డ' లోపలి ఖాళీని మళ్లీ వెడల్పు చేశాడు. తెల్లరంగుతో నీలాన్ని అంచున కోసి, కుంచె తిప్పి, కొసను బొటనవేలి చివరలా గుండ్రంగా ముగించాడు. లావు అక్షరానికి కడుపులో చోటుండాలి. లేకపోతే దూరానికి అది మరక.

ఆత్మకూరులో బోర్డులు రాస్తూ ముసలివాడయ్యాడు. ఫ్లెక్సులొచ్చి గిరాకీ పోయింది, చెయ్యి పోలేదు. మొనల్లేకుండా, ఎటు తిరిగినా ఒకే మందంతో ఉండే ఈ అక్షరాలు ఎక్కడ పనికొస్తాయో అతనికి తెలుసు. ఐసు బండికి, బస్సు నెత్తికి, బడి గోడకు. ఆగకుండా పోయేవాడు చదవాల్సిన చోటల్లా. భార్య సమాధి మీద మాత్రం సన్నగా రాశాడు. అక్కడ ఎవరైనా దగ్గరికొచ్చే చదవాలి. ఆమె అన్నదమ్ములు ఇంతవరకూ రాలేదు.

కింద నుంచి వార్డు మెంబరు చంద్రమోహన్ ఫోనులో ఏవో అక్షరాల బొమ్మ పైకెత్తి చూపించాడు.

"మామా! ఇట్టా మొనలు తేల్చి రాయి. స్టైలుగా ఉంటాది."

"శూలాలమ్మే అంగడా ఇది? ఊరి పేరురా."

"ఏం ఊరు? రెండో కాలనీ అంటేనే గదా బస్సాపేది!"

"నిన్ను నంబరేసి పిలిస్తే పలకతావా?"

చంద్రమోహన్ నవ్వి వెళ్లిపోయాడు. చెంచురామయ్య నవ్వలేదు. సోమశిల డ్యాం నీళ్లు బోడగుంటను ముంచి, ఊరివాళ్లను ఈ రెండో కాలనీకి తరలించేనాటికి అతనికి మీసాలు మొలుస్తున్నాయి. ఊరిని నీళ్లు ముంచాయి. పేరును ముంచింది మనుషులు. కండక్టర్లు, గుమాస్తాలు, చివరికి ఇక్కడే పుట్టిన ఈ పిల్లకాయలు. ఒక్కరినీ అతను క్షమించలేదు. పంచాయతీ ట్యాంకుకు తెల్లరంగు వేయిస్తోందని విని, కూలి వద్దని చెప్పి, పేరు రాయడానికి పరంజా ఎక్కాడు.

గుండ్రటి ట్యాంకు మీద మొనల అక్షరం విరిగినట్టు కనపడుతుంది. ఈ లావు అక్షరాలు దాన్ని కావలించుకుని కూర్చున్నాయి.

పొద్దు వాలేసరికి 'ట' ముగిసింది. దిగేటప్పుడు ఎడమ చెయ్యి బరువెక్కింది. కుంచెను టర్పెంటైన్ డబ్బాలో వేసి పట్టుకుని, రోడ్డు దాటి బస్టాపు దిమ్మె మీద కూర్చున్నాడు. రాసినవాడి చూపు లెక్కలోకి రాదు. బస్సు రావాలి.

ఆత్మకూరు బస్సు వంపు తిరిగింది. ఇంకా అంత దూరాన ఉండగానే కండక్టరు మస్తాన్ తలుపులోంచి వంగి ట్యాంకు వైపు చూశాడు.

"బోడగుంట! బోడగుంటోళ్లు రాండి!"

లోపలెవరో అడిగారు. "అదేడుండాది?"

"అంత లావున రాసుంటే! కండ్లు లేవా?"

చెంచురామయ్య వీపు నిటారుగా పెట్టాడు.

ఆదిశేషమ్మ గంపతో దిగింది. పాత ఊళ్లో వాళ్లది పక్కిల్లు. తలెత్తి చాలాసేపు చూసింది.

"'డ' కడుపు తెరుచుకోనుండాదా, మే?" అడిగాడు చెంచురామయ్య.

"నాకేం చదువొచ్చు బావా? పెరుగు ముంతలు వరసన పెట్టినట్టుండాయి."

అతను నవ్వాడు. "అదే మే మనూరు."

అతని ఒంటినిండా చెమట చూసి ఆమె నీళ్లకు వెళ్లింది. చెంబుతో తిరిగొచ్చేసరికి అతని తల బస్టాపు స్తంభానికి ఆనుకుని ఉంది. కళ్లు ట్యాంకు వైపే తెరుచుకుని ఉన్నాయి. రెండుసార్లు పిలిచి, చెంబు కింద పెట్టి, ఆమె ఆ కళ్లు మూసింది.

దిమ్మె కింద టర్పెంటైన్ డబ్బాలో నానుతున్న కుంచె నుంచి నీలం సన్నటి దారంలా ఇంకా దిగుతూనే ఉంది.