బావగారు వేయించిన తెర

మా ఇంట్లో అల్లుడుగారు పొరపాటు చేయడమనేది జరగదు. మిట్టమధ్యాహ్నం ఆయన ఫ్యానుకు బదులు లైటు స్విచ్చి వేస్తే, మంచి పని చేశారండీ, మబ్బుగా ఉంది అంటుంది మా అమ్మ. అమ్మ పేరు సత్యవేణి. కొత్తపేటలో మర్యాదకు పోటీ పెడితే మొదటి బహుమతి ఆవిడదే. రెండోది కూడా ఆవిడకే ఇచ్చేసి ఇంటికి పంపాలి. నాకు ఆ మర్యాద అంటే ఒళ్ళు మంట. ఎందుకంత మంటో చెప్తాను వినండి.

బావగారి పేరు విజయకుమార్. మా అక్క మాధవీలత భర్త. కువైట్‌లో ఏసీలు బిగించే కంపెనీలో పని. నాన్న పోయినప్పటి నుంచి మా ఇంటి సంగతులన్నీ ఆయనే ఫోనులో తేలుస్తారు. మంచి మనిషి. ఈ మాట వెటకారానికి అనడం లేదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఈపాటికి మర్చిపోయేదాన్ని.

రెండేళ్ళ కిందట అక్కడి పాత సామాన్ల సంతలో వెతికి నాకు గేమ్ మిషన్ కొని పంపింది కూడా ఆయనే. నేను పుట్టకముందు తయారైన వస్తువు. ఇటుకంత ఉంటుంది, చేత్తో పట్టుకుని ఆడుకోవాలి. రంగులుండవు. పసరు రంగు తెర మీద నాలుగు ఛాయలు, అంతే. తెర వెనక దీపం కూడా లేదు. కిటికీ దగ్గర కూర్చుని వాటంగా వంచి పట్టుకుంటేనే బొమ్మ కనిపిస్తుంది. చేతిలో అంత ఫోను పెట్టుకుని ఈ డొక్కు డబ్బా ముందు ఒంగుని కూర్చుంటానని మా వీధిలో నాకు కాస్త పిచ్చి అని పేరు.

నేను దాని మీద ఆడుకోవడం లేదు. దాని కోసం ఆట రాస్తున్నాను. హైదరాబాదులో నేను పనిచేసిన కంపెనీ మూతపడ్డాక ఇంటికొచ్చి, ఉద్యోగం వెతుకుతున్నట్టు నటిస్తూ ఏడాదిన్నర రాశాను. ఆట పేరు 'పంటు'. సందె వేళ గోదావరి దాటించే బల్లపరుపు పడవ, పంటు. బైకులు, అరటి గెలలు, మేకలు, ఒక పెళ్ళివారి గుంపు, అన్నిటినీ ఒరిగిపోకుండా సర్ది అవతలి ఒడ్డుకు చేర్చాలి. ఆడేవాళ్ళకు ఆ సర్దుడే ఆట. నాకు మాత్రం నీళ్ళు ముఖ్యం. పంటు నీడ నీళ్ళలో కదలాలి. అలలు కనబడుతూనే వాటి మీద నీడా కనబడాలి.

ఆ మిషన్‌కు అది చేతకాదు. అందులోని గ్రాఫిక్స్ చిప్‌కు ఒక బొమ్మ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. సగం ఉన్నట్టు చూపించడం దానికి తెలియదు. పైగా ఒక అడ్డ వరుసలో పది బొమ్మల కంటే గీయదు, పదకొండోది మాయమైపోతుంది. అందుకని పూర్వం దీనికి ఆటలు రాసినవాళ్ళు ఒక చిట్కా కనిపెట్టారు. ఈ మిషన్ బొమ్మను సెకనుకు దాదాపు అరవై సార్లు కొత్తగా గీస్తుంది. అలా ఒకసారి గీసిన బొమ్మ ఒక ఫ్రేము. ఒక ఫ్రేములో నీడ గీయాలి, తరవాతి ఫ్రేములో మానేయాలి. మళ్ళీ గీయాలి, మళ్ళీ మానేయాలి. పాత తెర మహా మందకొడిది. మొదట గీసింది పూర్తిగా చెరిగేలోపే రెండోది వచ్చి పడుతుంది. ఆ రెండూ కలిసిపోయి కంటికి పల్చటి నీడ అవుతుంది. నీడ లేని ఫ్రేములో నేను తేలే గుర్రపుడెక్క గీశాను, వరుసకు పది బొమ్మల లెక్క దాటకుండా. ఇదంతా కుదరడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

పాత మిషన్లకు కొత్త ఆటలు, మిషన్‌లో గుచ్చే కాట్రిడ్జీల్లో వేసి అమ్మే చిన్న సంస్థ ఒకటి స్పెయిన్‌లో ఉంది. నేను కంప్యూటర్‌లో, పాత తెరను అనుకరించే ప్రోగ్రాం మీద నడిపి చూపించిన మచ్చు వీడియో చూసి వాళ్ళే ఉత్తరం రాశారు. ఆ నీళ్ళు ఎలా చేశావని అడిగారు. నెలాఖరులోగా ఆట మొత్తం అసలు మిషన్ మీద నడుస్తుండగా వీడియో తీసి పంపితే ఈ ఏడాది వేసే ఆటల్లో కలుపుకుంటామన్నారు. బాగుంటే తరవాతి ఆట కూడా నన్నే రాయమన్నారు. అసలు మిషన్ అన్నది వాళ్ళ పట్టింపు. కంప్యూటర్‌లో ఏం చూపించినా నమ్మరట.

ఇంట్లో బావగారు ఒక ఒప్పందం చేశారు. ఇది కుదిరితే నా పని నేను చేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కుదరకపోతే రావులపాలెంలో ఆయన స్నేహితుడు మాణిక్యాలరావుగారు నడిపే స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాలి. అమ్మనడిగితే ఆ నెల గడువు కూడా దండగే అనేది. ఆయన నా పక్షాన మాట్లాడబట్టే ఆ గడువైనా దొరికింది.

ఆయన సెలవు మీద వచ్చిన కొన్నాళ్ళకు నేను ఆలమూరులో స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళాను. ఆటలో చివరి అంచె, ఆఖరి రేవు, ఒక్కటే సరిచూసుకోవాలి, ఆ పైన వీడియో తీయడమే. మిషన్‌ను కిటికీలో పెట్టి వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ, అక్క, బావగారు ముగ్గురూ హాల్లో కూర్చుని నాకోసం ఎదురుచూస్తున్నారు. ఎవరికేమైందో అనుకున్నాను. బావగారు నవ్వుతూ మిషన్ నా చేతిలో పెట్టి, స్విచ్చి వెయ్యమన్నారు.

తెర పెళ్ళిపందిరిలా వెలిగింది.

నేను కిటికీ దగ్గర ఒంగి ఒంగి కళ్ళు పాడుచేసుకుంటున్నానని అక్క ఫోనులో చెప్పిందట. ఆయన కువైట్‌లో నలుగురి దగ్గర వాకబు చేసి, ఈ మిషన్‌కు సరిపోయే కొత్త తెర, వెనక దీపంతో సహా, కొని పెట్టె అడుగున దాచి తెచ్చారు. నేను ఇంట్లో లేని రోజు చూసుకుని అమలాపురం సెల్‌ఫోన్ల షాపులో బిగింపించారు. ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా ఉండడానికి అక్క ఎంత అవస్థ పడిందో ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పి నవ్వుకున్నారు.

నా ఆట తెరిచాను. పంటు కదిలింది. దాని కింద నీడ, పోబోయే ట్యూబ్‌లైటులా టపటపా కొట్టుకుంటోంది. కొత్త తెర చురుకైనది. గీయమన్న ఫ్రేములో గీస్తోంది, వద్దన్న ఫ్రేములో శుభ్రంగా తుడిచేస్తోంది. రెండు ఫ్రేములు కలవడం అనేదే లేదు. నీళ్ళ వంక క్షణంసేపు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

"బావగారూ, ఇది" అని మొదలుపెట్టాను. అమ్మ నా వెనకే ఉంది. మోచేతి పైన రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టింది. ఎంత వయసొచ్చినా అమ్మ గిల్లితే నోరు మూతపడుతుంది.

"చాలా బాగుందండీ" అన్నాను.

"కళ్ళకి హాయిగా ఉందా అమ్మా? నిజం చెప్పు" అన్నారాయన.

"ఆయ్. ప్రాణం లేచొచ్చిందండీ."

ఆయన ముఖం చూడాలి అప్పుడు. అక్క వంక తిరిగి, చూసేవా, నేను చెప్పలేదా అన్నట్టు తలాడించారు. నాకు ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి మీద అసహ్యం వేసింది.

వంటింట్లో అమ్మకు విడమరిచి చెప్పాను. అమ్మ తెలివితక్కువది కాదు, అర్థం చేసుకుంది. అయితే ఏం చేద్దామంటావు అంది. మండుటెండలో మేడల మీదకెక్కి సంపాదించుకున్నదాంట్లో నీ కళ్ళ కోసమని తెచ్చినవాడికి, మీరు తెచ్చింది పనికిరాదు పీకించేయండి అని చెప్తావా అని అడిగింది. ఆయన విమానం ఎక్కాక నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో అంది. ఆయన విమానం నెల దాటాక. నా గడువు నెలాఖరుకి.

మర్నాడు మధ్యాహ్నం బజారు పనని చెప్పి అమలాపురం బస్సెక్కాను. షాపు పాపారావుగారు, పాత తెరను దాని బోర్డుతో సహా ఊడదీసి కవర్లో పెట్టి మీ బావగారికే ఇచ్చేశానన్నారు. తీసుకొస్తే పావుగంటలో మళ్ళీ బిగించేస్తానన్నారు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఇంటికొచ్చి, బావగారి సామాన్లలో చూడమని అక్కను బతిమాలాను. అక్క చూసింది. సెంటు సీసాలు, ఖర్జూరాల పొట్లాలు, నొప్పుల మందు. తెర లేదు. ఆయన్నే అడగవే అన్నాను. ఏమని అడగనే, మీరు తెచ్చింది దానికి నచ్చలేదు, పాతదెక్కడ పెట్టేరు అనా, అని కోప్పడింది. కోప్పడి ఊరుకోలేదు, అమ్మకు చెప్పింది. ఆ పూటంతా అమ్మ నాతో మాట్లాడలేదు.

నేనే ఎందుకు అడగలేదంటారా? మీది మా వైపు కాదన్నమాట. ఇక్కడ ఎవరింట్లోనైనా కాఫీలో పంచదార వేయడం మర్చిపోతే, బాగుందండీ అని తాగేసి, రెండోసారి పోస్తానంటే వద్దనకుండా పోయించుకుంటాం. అలా పెంచారు మమ్మల్ని. నేను గడప దాకా వెళ్ళి, అడగబోయి, ప్రయాణం ఎప్పుడండీ అని అడిగి వచ్చేశాను.

పాత తెర ఉన్న మిషన్ ఇంకోటి దొరుకుతుందేమోనని నాకు తెలిసిన చోటల్లా వెతికాను. ఇలాంటివి పోగుచేసే ఒకాయన హైదరాబాదులో ఉన్నారు. ఆయన దగ్గరున్న వాటన్నిటికీ కొత్త తెరలే. పాతవి గీతలు పడి చచ్చిపోతాయండీ, ఎవరుంచుకుంటారు అన్నారు. బయటి దేశం నుంచి తెప్పిస్తే గడువులోగా చేరదు. స్పెయిన్ వాళ్ళకు ఉన్నమాట రాశాను. పాపమన్నారు. మిషన్ మీద ఎలా కనిపిస్తే అలాగే చూస్తాం, నియమం అందరికీ ఒకటే అన్నారు.

ఇక నీడనే మార్చి రాయాలి. ప్రతి ఫ్రేములోనూ గళ్ళుగళ్ళుగా గీస్తే పల్చగా అనిపిస్తుందేమో అనుకున్నాను. అలా గీసేసరికి వరుసలో పది బొమ్మల లెక్క దాటి గుర్రపుడెక్క సగం మాయమైంది. పోనీ నీళ్ళనే ఎప్పటికప్పుడు మార్చి గీయిద్దామని చూస్తే ఆ పని ఒక ఫ్రేములో పూర్తి కావడం లేదు. సెకనుకు అరవై కాస్తా ముప్పై అయింది. తేలిపోతూ వెళ్ళే పంటు గతుకుల రోడ్డు మీద ఆటోలా వెళ్ళింది. నెలాఖరు వచ్చేసింది. ఆ గతుకుల పంటునే వీడియో తీసి పంపాను.

జవాబు తొందరగానే వచ్చింది. మచ్చులోని నీళ్ళు చూసి మీకు రాశాం, ఇందులో ఆ నీళ్ళు లేవు, పంటు కూడా కుదుపుతో నడుస్తోంది, ఈ ఏడాదికి తీసుకోలేకపోతున్నాం, మన్నించండి అని. వాళ్ళూ మర్యాదస్తులే. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంట్లో ఎవరి మొహం చూసినా ఆ కోపం చూపించడానికి వీల్లేనంత ప్రేమగా ఉన్నారు.

బావగారి ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం, ఆయన భోజనానికి కూర్చున్నారు. నేను రొయ్యల ఇగురు వడ్డిస్తున్నాను.

"బెంగ పెట్టుకోకమ్మా దివ్యా" అన్నారు. "కొత్త తెర మీద తీసి పంపినా వాళ్ళు వద్దన్నారంటే ఆటలోనే ఏదో వెలితి ఉన్నట్టు. మాణిక్యాలరావుతో మాట్లాడేను. వచ్చే ఒకటో తారీకున రమ్మన్నాడు."

గిన్నె కింద పెట్టాను. అమ్మ కళ్ళతో వద్దంటోంది. ఈసారి నేను గిల్లడానికి అందే దూరంలో లేను.

"వెలితి ఆటలో లేదండీ బావగారూ. తెరలో ఉందండీ" అన్నాను.

మొత్తం చెప్పాను. నీడ, ఫ్రేములు, పాత తెర మందకొడితనం, అమలాపురం వెళ్ళడం, అక్క వెతకడం, అన్నీ. గొంతు పెంచలేదు. ఒక్క 'అండీ' కూడా తగ్గించలేదు. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆ కవరు మర్నాడు పొద్దుటిదాకా నా బండి డిక్కీలోనే ఉందమ్మా" అన్నారు చివరికి. "షాపాయన చెప్పేరు, కొంతమందికి పాతదే ఇష్టమండీ, ఇంటికెళ్ళి అడగండి, కొత్తది వద్దంటే తెచ్చేయండి అని. అందుకే నిన్ను అడిగేను, హాయిగా ఉందా, నిజం చెప్పు అని. నువ్వు ప్రాణం లేచొచ్చిందన్నావు. పొద్దున్న పాత సామాన్లవాడొస్తే అట్టపెట్టెలతో పాటు వేసేసేను."



"ఒక్క మాట అనుంటే ఆ సాయంత్రమే మార్పించేసేవాణ్ణి కదమ్మా" అన్నారు.

నిజమే, మార్పించేవారు. నొచ్చుకునేవారు కూడా కాదు, అడగడానికి సిద్ధపడే వచ్చారు. ఆయన నొచ్చుకుంటారన్నది మేం ముగ్గురం ఆడవాళ్ళం కూర్చుని ఆయన తరఫున నిర్ణయించేశాం. ఆయన పెరుగు కలుపుకోకుండానే లేచి చేతులు కడుక్కుని అరుగు మీదకు వెళ్ళిపోయారు.

అమ్మ పెరుగు గిన్నె వంక చూసి, "ఆ రోజు నిన్ను ఆపింది ఇందుకే కదే" అంది. "మనిషి అన్నం సగంలో లేచిపోయేరు. రేపు విమానం ఎక్కాల్సినవారు. వెళ్ళి ఏదో ఒకటి చెప్పు."

వెళ్ళాను. ఆయన అరుగు చివర, నాకు వీపు చూపిస్తూ కూర్చున్నారు. అదేం పెద్ద విషయం కాదండీ, ఎలాగూ ఆ ఆటల్లో ఏముందండీ, స్కూలు ఉద్యోగమే నయమండీ అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశారు. "నిజంగా అంటున్నావా అమ్మా? ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, మాణిక్యాలరావుకి వద్దని ఫోన్ చేసేస్తాను."

"ఆయ్, నిజంగానేనండీ" అన్నాను.